గడిలో ఎరువు

పోలీసు యాక్షన్ అయిన ఏడే మా దొర ఊరొదిలి పట్నం పోయాడు. కోటలాంటి ఆయన గడిలోకి గబ్బిలాలు దిగాయి. ఆరేళ్లలో లోపలి గదుల్లో వాటి పెంట మోకాలి లోతు పేరుకుంది.

ఆ ఆరో ఏట రోగమొచ్చి నా గొర్రెల మంద సగానికి సగం పోయింది. మంద లేకపోతే చేనుకి ఎరువేది? గబ్బిలాల పెంట ఇంకా బలమని ఎవరో చెప్పారు. ఎండాకాలంలో నా భార్య బీరమ్మను గడిలోకి తీసుకుపోయాను. తీసుకుపోయింది నేనే. ఇందులో ఇంకొకరి తప్పు లేదు.

గొర్రె ఎరువుకి ఏం చేస్తామో దీనికీ అదే చేశాం. నేను తవ్వి, కాళ్లతో తొక్కి పొడి చేశాను. రాళ్లు పోవాలని ఆమె చేటతో చెరిగింది. గాలాడని గదిలో నాలుగు రోజులు. దుమ్ముపట్టిన ఆమె జుట్టు చూసి, అప్పుడే ముసలిదానివయ్యావే అని నవ్వాను. నా నోరు పడిపోను.

మూడు వారాలకు ఆమెకు జ్వరం, దగ్గు. నాకేమీ కాలేదు. అందరూ క్షయ అన్నారు. తాండూరులో రైలెక్కించి వికారాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు మేం చేసిన పని అడిగి, ఇది క్షయ కాదన్నాడు. ఆ పెంటలో పుట్టే బూజు దుమ్ముతోపాటు ఊపిరితిత్తుల్లో చేరిందట. నీళ్లు చల్లి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని తవ్వాల్సిందట. మందు మాత్రం తన దగ్గర లేదన్నాడు. గడి వాకిట్లోనే బావి ఉంది. ఒక్క కడవ నీళ్లు తోడలేకపోయాను.

జొన్న మాత్రం నా ఎత్తుకు లేచింది. పొద్దుగూకగానే గబ్బిలాలు చేనుమీద తిరుగుతూ రెక్కల పురుగుల్ని పట్టి తినేవి. ఆ ఏడు మా చేనుకి పురుగు పట్టలేదు. గడికి పొగ పెడదామని ఊరివాళ్లు వస్తే నేను వద్దన్నాను. బీరమ్మను ఆ దుమ్ములో కూర్చోబెట్టింది అవి కాదు.

గింజ గట్టిపడే రోజుల్లో ఆసుపత్రివాళ్లు ఆమెను ఇంటికి పంపేశారు.

"జొన్న ఎట్లున్నది?" అని మంచంలోంచి అడిగింది.

"మస్తుగున్నది" అని కంకి తెచ్చి చేతిలో పెట్టాను.

అరచేతిలో నలిపింది. పొట్టు ఊదడానికి చెయ్యి నోటిదాకా తెచ్చుకుంది. ఊపిరి చాలలేదు. మళ్లీ ఊదింది. పొట్టు కదల్లేదు.

"జర నువ్వూదు" అన్నది.

ఊదాను. పొట్టు పోయి గింజలు మిగిలాయి. వాటిని నోట్లో వేసుకోలేదు, గుప్పిట మూసుకుంది.

మర్నాడు పోయింది. గుప్పిట విప్పి ఆ గింజలు తీసింది కూడా నేనే.