జోలీ పేరు రెండు రిటర్నుల్లో

ఫిబ్రవరి మొదటి సోమవారం ఉదయం, కెంటకీలో లోర్నా, వెర్లిన్ స్టాంపర్ దంపతులు పంపిన పన్ను రిటర్ను తిరిగొచ్చింది. తమ పోషణలో ఉందని వాళ్ళు చూపిన మనవరాలు జోలీని అప్పటికే మరొకరు తమ రిటర్నులో చూపించారు. ఒక బిడ్డను ఒక్కరే చూపాలి, చూపినవాళ్ళకు ప్రభుత్వం నుంచి కొంత డబ్బు వాపసొస్తుంది. లోర్నా తన కూతురు ట్రీసాకు ఫోన్ చేసింది.

“నా బిడ్డ, నేను రాసుకున్నా.”

“ఏడాదంతా మా ఇంట్లోనే తింది, పడుకుంది కదే.”

“పన్నాఫీసుకి చెప్పావంటే ఈరోజే వచ్చి తీసుకెళ్తానమ్మా.”

“ఎక్కడ పెడతావ్, నీ కారు వెనక సీట్లోనా?”

కానీ ట్రీసా వచ్చి జోలీని తీసుకెళ్తే ఆపడానికి లోర్నా చేతిలో కోర్టు కాగితం ఏదీ లేదు.

“వాపసొచ్చే డబ్బు నువ్వే ఉంచుకో. కోర్టుకొచ్చి జోలీని మాకు అప్పగిస్తూ సంతకం పెట్టు.”

“ఎన్నింటికి రమ్మంటావ్?”

శుక్రవారం ట్రీసా సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నం లోర్నా జోలీ పేరు తీసేసి రిటర్ను మళ్ళీ పంపింది.