వానకు తడిసిన ఇటుక

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ ఉండలావిడ అనేవారు. కొత్తగా కాపురానికొచ్చిన వాళ్లు తినే ఉండలేమో అనుకుని డబ్బా పట్టుకుని వచ్చి, గోడ పొడవునా పేర్చిన ఊలు చూసి, ఏమనాలో తోచక మంచినీళ్లు తాగి వెళ్లిపోయిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. ఆవిడ ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో ఊలు అమ్మేది. పెద్ద కట్టలుగా వచ్చే ఊలును చేతిచక్రం మీద యాభై గ్రాముల ఉండలుగా చుట్టి, ఫొటోలు తీసి పెట్టి, ఆర్డరు వస్తే పార్శిలు కట్టి పంపేది. దుకాణమంటే పడగ్గదిలో ఒక గోడకి బిగించిన చెక్క అరలు, అంతే. గదిలో సగం వ్యాపారానిది, సగం నిద్రది. నిద్ర వాటా ఏటేటా తగ్గుతూ వచ్చింది.

ఫొటోలకి బాల్కనీలో పొద్దున్న ఎనిమిదింటి వెలుతురే కావాలి. ఆ గంటసేపు అక్కడ బట్టలు ఆరేయడానికి వీల్లేదు. పదేళ్ల కూతురు తడి సాక్సులతోనే బడికి వెళ్లిన రోజులున్నాయి.

రంగుల పేర్ల దగ్గర ఆవిడకి మహా పట్టింపు. ఎరుపు, ఆకుపచ్చ అని రాస్తే ఎవరు కొంటారని ఆవిడ వాదన. అందుకని ప్రతి అరకీ ఒక చీటీ అంటించింది: 'వానకు తడిసిన ఇటుక', 'నూతిగట్టు నాచు', 'మాగిన నేరేడు', 'శంఖుపూల నీలం', 'అలిగిన ఆకాశం'. అలిగిన ఆకాశమంటే బూడిద రంగేగా అని అత్తగారు అడిగేది. కోడలు ఆ చీటీని ఇంకాస్త గట్టిగా అదిమి అంటించేది.

ఆవిడ భర్త వాచీలు బాగుచేస్తాడు. బజారులో మెట్ల కింద ఇరుకు కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని ఆవగింజంత మరలు ఊడదీసి మళ్లీ బిగించే మనిషి. పొరపాటన్నది తమ వంశంలోనే లేదన్నట్టు ఉండేవాడు. ఇంట్లో మాత్రం ఆయనంత సాత్వికుడు లేడని ఆవిడ చెల్లెలి దగ్గర గొప్పగా చెప్పుకునేది. కర్టెన్లు ఏ రంగువి తీసుకుందామన్నా, గోడలకి ఏ రంగు వేయిద్దామన్నా నీకేది బాగుంటే అదే అంటారు, పన్నెండేళ్లలో ఒక్కసారి కాదన్న పాపాన పోలేదు అని. చెల్లెలి మొగుడు చెంబు కొన్నా పేచీ పెట్టే రకం. అందుకని ఆ మాట విన్నప్పుడల్లా చెల్లెలు నిట్టూర్చేది.

ఆ చెల్లెలే ఒకరోజు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. ఉండలావిడ ఎనిమిది రోజులు వెళ్లి దగ్గరుండాల్సి వచ్చింది. దుకాణం మూసేద్దామనుకుంది గానీ భర్త వద్దన్నాడు. తాను ఉన్నాడుగా, ఆర్డరులో ఏ పేరు రాసి ఉంటే ఆ చీటీ ఉన్న అరలోంచి తీసి పార్శిలు కట్టడమేగా, గడియారంలో జుట్టు మందాన ఉండే స్ప్రింగు కంటే కష్టమా అన్నాడు. ఆవిడ బండెడు జాగ్రత్తలు చెప్పి బయల్దేరింది.

మొదటి రెండు రోజులూ ఏ ఒడిదుడుకూ లేదు. మూడోరోజు ఆదివారం, కొట్టుకి సెలవు. ఆయనకి చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకాదు. అరల్లో దుమ్ము పట్టి ఉండటం చూశాడు. భార్య వచ్చేసరికి అద్దంలా ఉంచాలనిపించింది. ఉండలన్నీ తీసి మంచం మీద పోశాడు. అరలు తుడిచి, ఆరబెట్టి, మళ్లీ ఒక్కొక్కటీ ఏ చీటీ దగ్గరిది ఆ చీటీ దగ్గర సర్దాడు. ఉండలకి చుట్టిన కాగితం మీద బరువు తప్ప రంగు పేరు ఉండదు. అయినా ఏది ఎక్కడిదో తనకు తెలుసని ఆయన నమ్మకం. సర్దడం పూర్తయ్యాక వరసలన్నీ సైనికుల్లా ఉన్నాయి. తర్వాతి నాలుగు రోజుల్లో తొమ్మిది పార్శిళ్లు పంపాడు.

ఆవిడ తిరిగొచ్చింది ఒక సాయంత్రం. మసక బల్బు వెలుతురులో తళతళలాడే అరలు చూసి కళ్లు చెమర్చాయి. పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించింది.

మర్నాడు పొద్దున్న ఫోను తెరిస్తే మొదటి ఫిర్యాదు ఒక లారీ డ్రైవరు దగ్గర్నుంచి. సరుకు దింపేదాకా లారీలో కూర్చుని మఫ్లర్లు అల్లడం ఆయన అలవాటు. మేడంగారూ, మీ ఇటుకకి నాచు పట్టింది అని రాసి, సగం ఎర్రగా సగం పచ్చగా ఉన్న మఫ్లరు ఫొటో పెట్టాడు. రెండోది ఒక నర్సు. మూడోది ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. ఆవిడ ఫిర్యాదుని ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి రాసి, తాను ఉండేది రెండు వీధుల అవతలేనని, స్వయంగా వస్తానని ముగించింది.

ఉండలావిడ పరుగున వెళ్లి పగటి వెలుగులో అరలు చూసింది. పండుమిరపకాయల బుట్టలో పచ్చిమిరపకాయలు కలిపినట్టు ఉంది. నేరేడు అరలో నీలం దూరింది. నీలం అరలో నేరేడు కాపురం పెట్టింది. అలిగిన ఆకాశం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

మొదటి అనుమానం అత్తగారి మీదికి పోయింది. పెద్దావిడ నొచ్చుకుంది. ఊలు ముట్టుకుంటే తుమ్ములొస్తాయని మూణ్ణెల్లకోసారి చెబుతూనే ఉన్నాగా అంది. భర్తను అడిగితే, సర్దింది తానేనని, ఒక్క ఉండ కూడా తప్పు పెట్టలేదని ఘంటాపథంగా చెప్పాడు. కస్టమర్ల ఫోన్లలో రంగులు సరిగ్గా కనబడి ఉండవన్నాడు. మరీ నిలదీస్తే, తప్పంతా పేర్లదే అన్నాడు. ఇటుక తడిస్తే దాని మీద నాచు పట్టదా ఏమిటి అన్నాడు. ఆవిడకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది గానీ, ఏమిటో అంతు పట్టలేదు.

హెడ్మిస్ట్రెస్ ఆ సాయంత్రమే వచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. కాఫీ వద్దంది, కుర్చీ మాత్రం తీసుకుంది. సంచిలోంచి రెండు ఉండలు తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. ఒకటి ఇటుక, ఒకటి నాచు. పార్శిలు కట్టింది ఎవరని అడిగింది. వాచీలాయన ముందుకొచ్చాడు. అప్పుడే కొట్టు నుంచి వచ్చాడేమో, నుదుటి మీద భూతద్దం ఇంకా ఉంది.

"ఈ రెండిట్లో ఇటుక రంగు ఏది, చూపించండి" అంది ఆవిడ.

ఆయన వంగి చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పాడు. రెండోది తిప్పాడు. భూతద్దం కంటి మీదికి దించుకుని మళ్లీ చూశాడు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎడం చేతి వైపుది కొంచెం కొత్తగా ఉందండీ" అన్నాడు చివరికి.

హెడ్మిస్ట్రెస్ ముఖంలో కోపమంతా చల్లారిపోయింది. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో చెట్టు బొమ్మకి ఎర్ర ఆకులు వేసిన మగపిల్లల్ని తాను పదకొండు మందిని చూశానని, అందులో ఒకడు ఇప్పుడు పెద్ద లాయరని, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదని చెప్పింది. పుట్టుకతోనే కొందరికి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయంది. ఆయన భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు.

మూల కుర్చీలోంచి అత్తగారు, "మా తమ్ముడూ అంతే. వీడు చిన్నప్పుడు చెట్టు మొదలుకి ఆకుపచ్చ రంగు వేసేవాడు" అంది తాపీగా.

ఇన్నేళ్లూ చెప్పలేదేమని కోడలు అడిగింది. ఎవరూ అడగలేదుగా అంది అత్తగారు.

అలా పన్నెండేళ్లకి వాచీలాయన అసలు రంగు బయటపడింది. హెడ్మిస్ట్రెస్ నాచు ఉండ ఇచ్చి ఇటుక ఉండ తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ అటు వెళ్లగానే ఉండలావిడ సోఫాలో కూలబడి పాతవన్నీ తవ్వడం మొదలెట్టింది. పెళ్లయిన కొత్తలో ఆయన తెచ్చిచ్చిన, కుడిది ఒక రంగు ఎడమది ఒక రంగు చెప్పులు. గేటుకి ఆకుపచ్చ తెస్తానని వెళ్లి గోధుమ రంగు తెస్తే, భలే ఎంపిక అని తాను మెచ్చుకోవడం. అన్నిటికంటే ముఖ్యంగా ఆ 'నీకేది బాగుంటే అదే'. అది ప్రేమ అనుకుంది. చెల్లెలి దగ్గర చెప్పుకుంది. చెల్లెలు నిట్టూర్చింది కూడా. ఆ నిట్టూర్పులన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలా?

కళ్లకి తెలియకపోతే తెలియకపోయింది, చెప్పడానికి నోటికేమైందని ఆవిడ అడిగింది. ఆయన మొదట వాదనకి దిగాడు. అసలు మన భాషలోనే పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. ఊరందరూ రెండిటినీ ఒకే మాటతో పిలుస్తుంటే ఎవరూ ఏమీ అనరు, నన్నొక్కణ్ణి అంటారేం అన్నాడు. కూతురు పక్కున నవ్వింది. తల్లి నవ్వలేదు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు కూడా. కావలసినవన్నీ కూతురి ద్వారా, అత్తగారి ద్వారా, ఒకసారి పక్కింటావిడ ద్వారా అడిగించుకుంది.

మూడో రోజు ఆయన కొట్టుకి వెళ్లకుండా అరల ముందు నేల మీద కూర్చున్నాడు. ఆవిడ ఇటుకల్లోంచి నాచు ఏరుతోంది. చిన్నప్పుడు డ్రాయింగు క్లాసులో టీచరు బొమ్మ వేసి జుట్టుకి ఆకుపచ్చ రంగు పూశానని, నలుపు పెన్సిలు అరిగిపోతే దగ్గరగా ఉన్న ముదురు రంగేదో తీసుకున్నానని, సంవత్సరమంతా పిల్లలు తనని నాచుగాడని పిలిచారని చెప్పుకొచ్చాడు. ఆ రోజు నుంచీ ఎదుటివాళ్లు రంగు పేరు చెప్పేదాకా నోరు విప్పకుండా ఉండటం నేర్చుకున్నాడట.

"పెళ్లయ్యాక చెబుదామనే అనుకున్నాను" అన్నాడు. "ఈలోగా నువ్వు ఊలు వ్యాపారం పెట్టావు. రంగులమ్ముకునే మనిషికి, నాకు రంగులు తెలియవని ఏ ముఖంతో చెప్పను?"

"మరి అరలెందుకు ముట్టుకున్నారు?" అంది ఆవిడ.

"నువ్వు చూసి సంతోషిస్తావని."

సంతోషించిన మాట నిజమే. పక్కింటావిడ సాక్షి. ఆవిడ ఒక ఉండ ఆయన చేతిలో పెట్టి, ఇది నాచు, అటు పెట్టండి అంది. సాయంత్రం దాకా ఇద్దరూ అలా ఏరారు.

తొమ్మిది మందికీ క్షమాపణ తానే రాస్తానని ఆయన పట్టుబట్టాడు. దుకాణం పేజీలో అందరూ చూసేలా రాశాడు. పొరపాటు తనదని, ఎరుపూ ఆకుపచ్చా తనకు ఒక్కలాగే కనిపిస్తాయని, సరైన రంగు మళ్లీ పంపుతున్నామని, వాచీ ఎవరిదైనా ఆగిపోతే మాత్రం నిస్సందేహంగా తన దగ్గరికి రావచ్చని. చివరి వాక్యం తీసేయమని ఆవిడ అంది. ఆయన తీయలేదు.

లారీ డ్రైవరు కొత్త ఊలు వద్దన్నాడు, సగం సగం మఫ్లరే బాగుంది, క్లీనరు కూడా అలాంటిదే అడుగుతున్నాడు అన్నాడు. నర్సు తన మొగుణ్ణి కూర్చోబెట్టి ఊలు ఉండలతో పరీక్ష పెట్టానని, ఆయన నెగ్గాడని, అందుకు కొంచెం నిరాశ కలిగిందని రాసింది. హెడ్మిస్ట్రెస్ ఒక అల్లిక నమూనా పంపి, ఇందులో రెండు రంగులు ఎంచాను, పువ్వు విడిగా కనబడటం లేదు, కారణమేమిటని అడిగింది. ఉండలావిడ చూస్తే రెండూ చక్కటి రంగులు, తప్పు తెలియలేదు. భుజం మీదుగా చూసిన భర్త, ఏ పువ్వు, నాకు మడ్డిలా ఒక్కటే ముద్ద కనిపిస్తోంది అన్నాడు. ఒక రంగు లేతది పెట్టి చూపిస్తే, ఆ, ఇప్పుడు పువ్వుంది, ఐదు రేకులు అన్నాడు. రంగు సంగతి ఆయనకి తెలియకపోయినా లేతా ముదురూ తేడా మాత్రం అందరికంటే ముందు పట్టేస్తాడని అప్పుడు తేలింది. ఎరుపు పక్కన ఆకుపచ్చ ఎంత మెరిసినా, రెండూ ఒకే ముదురు అయితే నాలుగడుగుల దూరం నుంచి పువ్వు మాయమవుతుందట. ఆ తర్వాత రెండు రంగుల జత ఏదైనా పేజీలో పెట్టేముందు ఆయనకు చూపించడం ఆనవాయితీ అయింది. ఆయన పువ్వు ఉందన్నాకే అమ్మకానికి పెడతారు.

ఒక చిక్కు మాత్రం వచ్చిపడింది. పన్నెండేళ్లు దాచుకున్న మనిషికి ఇప్పుడు అడగడానికి లైసెన్సు దొరికింది. ఇదేం రంగని కూరగాయల కొట్లో అడుగుతాడు, బస్సులో అడుగుతాడు. చెల్లెల్ని చూడటానికి వెళ్లినప్పుడు కర్టెన్లు ఏ రంగని మూడు గదుల్లోనూ అడిగాడు. చెల్లెలి మొగుడు తనకన్నా పేచీకోరు దొరికాడని ముచ్చటపడ్డాడు.

మొన్నొకరోజు ఆయన కాగితాలు వెతుకుతూ, కట్టి సిద్ధంగా పెట్టిన ఆరు పార్శిళ్ల మీది చిరునామా చీటీలు ఊడగొట్టి, ఒకదానిదొకటి మార్చి అంటించేశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి తేరిపార చూసింది. ఆయన తలెత్తి కాసేపు పరీక్షగా చూశాడు.

"ఇప్పుడు నీ ముఖం ఎర్రబడిందా?" అని అడిగాడు.

కోపమొస్తే భార్య ముఖం కందిపోతుందని అందరూ అంటుండగా వినడమే గానీ తానెప్పుడూ చూసి ఎరగనని, ఇన్నాళ్లూ గిన్నెల చప్పుడు బట్టి నెట్టుకొచ్చానని, ఇక్కడ గిన్నెలు లేవు గనక అడగాల్సి వచ్చిందని చెప్పాడు.

"ఎర్రబడింది" అంది ఆవిడ.

"లేతా, ముదురా?"

ఆవిడ నవ్వకూడదని చాలా ప్రయత్నించింది. చివరికి గోడవైపు తిరిగి నిలబడాల్సి వచ్చింది. ఆయన ఆ ఆరు పార్శిళ్లూ విప్పి, చిరునామాలు పైకి చదువుతూ, మొదటి నుంచి మళ్లీ కట్టడం మొదలెట్టాడు.