సొంత తమ్ముడు

మొదట వాసన చూశాడు. తరువాత ఆ జనన పత్రాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, ఎడమ కన్ను మూసి, ముద్ర అంచుల వెంట కుడి కన్ను నడిపించాడు. కాలం గడిచి పసుపెక్కిన కాగితానికీ, టీనీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితానికీ తేడా ఆయన ముక్కు ఇట్టే పట్టేస్తుంది. ఇది నిజంగా పాతదే. అయినా మనసొప్పక ఒక మూలను గోటితో గీకి చూశాడు.

బల్లకు అవతల కొత్త దంపతులు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. అబ్బాయికి ఇక్కడి శాశ్వత నివాస కార్డు ఉంది. అమ్మాయికి కావాలి. పెళ్ళి ఉత్తుత్తిది కాదని చూపడానికి నలభై ఫోటోలు తెచ్చుకున్నారు.

"ఇవెప్పుడు తీసుకున్నారు?"

"ఇది ఎండాకాలమండీ. ఇది వానల్లో. ఇదేమో చలికాలం" అంది అమ్మాయి.

"మూడు కాలాల్లోనూ అబ్బాయి చేతి గడియారం పదకొండూ ఇరవయ్యే చూపిస్తోందేం?"

అబ్బాయి చెయ్యి చూసుకున్నాడు. "అది ఆగిపోయి ఏడాదయిందండీ. మామగారు పెట్టింది. తీస్తే ఈవిడ ఊరుకోదు."

ఇప్పుడు కూడా దాంట్లో పదకొండూ ఇరవయ్యే. ఆయన నవ్వలేదు. ఫోటో వెనక పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి పక్కన పడేశాడు. నిజం చెప్పేవాళ్ళ దగ్గర ఇంత చక్కటి జవాబు సిద్ధంగా ఉండదని ఆయన నమ్మకం. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

వీసా కార్యాలయం ఎదురు సందులో, మొదటి అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో లాయరమ్మ, ఆమెకు కుడి పక్కన ఈయన, వెనక గది నిండా పాత ఫైళ్ళు. లాయరమ్మ దరఖాస్తులు పెడుతుంది. వాటికి కావలసిన కాగితాలను తెలుగులోంచి ఇక్కడి భాషలోకి మార్చి, "ఇది యథాతథం" అని సంతకం చేసే హక్కు ఈయనది. మొదట్లో అందరూ అనువాదం గారు అనేవారు. ఎవరో చమత్కారి రెండక్షరాలు మార్చి అనుమానం గారు అన్నాడు. ఆ పేరే స్థిరపడింది. ఆయన చెవిన పడినా కోపగించుకోలేదు కానీ, ఆ చమత్కారి ఎవరో కనిపెట్టాలని పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాడు.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటాడు. మధ్యవేలు మొదటి కణుపు మీద కలం ఒత్తిడికి కాయ కాచింది. టీ కప్పు మీద ఎప్పుడూ సాసరు మూత. చొక్కా జేబులో రెండు కలాలు ఉంటాయి. ఒకటి తను రాసుకోవడానికి, రెండోది ఎవరైనా అడిగితే ఇవ్వడానికి. రెండోదాంట్లో సిరా తక్కువ.

పుట్టుకతోనే ఇలాంటివాడేం కాదు. భార్య నర్సు. ఆవిడ ఉద్యోగం మీద వచ్చింది, ఆవిడ వెనకాల కుటుంబ వీసాతో ఈయన వచ్చాడు. ఆనాటి ఇంటర్వ్యూలో ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి, మీ పడకగది కర్టెను ఏ రంగు అని అడిగారు. ఆవిడ ఆకుపచ్చ అంది. ఈయన నీలం అన్నాడు. కట్టుకున్న పెళ్ళాం కట్టుకున్నదేనని రుజువు చేసుకోవడానికి నాలుగు గంటలు పట్టింది. ఇంటికి వెళ్ళి చూస్తే కర్టెను అసలు లేదు. ఉతకడానికి తీసి నెలయింది. ఇద్దరూ ఆ రోజు పడీ పడీ నవ్వుకున్నారు. కానీ ఆ గదిలో అధికారి చూసిన చూపు ఆయన కళ్ళలోకి ఎక్కి కూర్చుంది, ఇక దిగలేదు.

భార్యకు పౌరసత్వం వచ్చి పన్నెండేళ్ళు. వేల మందికి పౌరసత్వ దరఖాస్తులు నింపిన ఈయనది మాత్రం ఇంట్లో బీరువాలో పడి ఉంది. అన్ని గడులూ నిండాయి, ఒక్కటి తప్ప. "ఎప్పుడైనా, ఏ అధికారికైనా తప్పుడు సమాచారం ఇచ్చారా?" ఎదుటివాళ్ళకు ఆ గడిలో టకటకా "లేదు" అని కొట్టేసేవాడు. తన దగ్గరికొచ్చేసరికి కలం ఆగేది. మనుషులందరినీ అనుమానించేవాడు తనను మాత్రం ఎలా వదిలేస్తాడు? కర్టెను సంగతి కూడా లెక్కలోకి వస్తుందేమో అని ఒకసారి భార్యను అడిగితే, ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

దంపతులు వెళ్ళాక లాయరమ్మ ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడింది. ఆయన చెవులు రిక్కించాడు. "యంత్రం" అన్న మాట వినబడింది. అనువాదాలు చేసిపెట్టే యంత్రమొకటి తెప్పించి తనను సాగనంపే ఏర్పాటేమో. తీరా చూస్తే అది బట్టలుతికే యంత్రం. ఆమె ఇంట్లోది, నీళ్ళు కారుతోందట.

మధ్యాహ్నానికి వంటాయన వచ్చాడు. ఆసుపత్రి వంటశాలలో పెద్ద వంటవాడు. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు, గుండ్రటి ముఖం. పదకొండేళ్ళ కిందట తమ్ముడికి వీసా కోసం ఇక్కడే దరఖాస్తు పెట్టించాడు. ఇన్నాళ్ళకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"మీ చేతి చలవండీ. వాడు ఆనందం పట్టలేక మొన్ననే డ్రైవరు ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చేశాడు."

"తొందరెందుకు? ఇల్లు అలకగానే పండగ కాదు. మీ ఇద్దరి జనన పత్రాలు తెచ్చారా?"

దరఖాస్తు పెట్టినప్పుడు అడగని ఆ పత్రాలు ఇప్పుడు ఇంటర్వ్యూకి కావాలి. వంటాయన రెండూ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన వాసన చూశాడు, వెలుగుకు ఎత్తాడు. రెండూ అసలువే. తరువాత చదివాడు. మళ్ళీ చదివాడు. తండ్రి పేరు ఒకదాంట్లో ఒకటి, రెండోదాంట్లో ఇంకొకటి. తల్లుల పేర్లూ వేరే.

ఆయన ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. మంచి వెలుగు కాదది. ఇన్నేళ్ళ కాపలాకు దొంగ దొరికినప్పటి వెలుగు.

"పదకొండేళ్ళు ఓపిగ్గా కూర్చుని మరీ మోసం చేశారన్నమాట."

"మోసమేంటండీ?"

"ఇతను మీ తమ్ముడు కాడు."

"తమ్ముడు కాకపోవడమేంటండీ!" వంటాయన నవ్వేశాడు. "మా చిన్నాన్న కొడుకు. చిన్నాన్న పోయినప్పుడు వాడికి మూడేళ్ళు. ఒక్క కంచంలో తిన్నాం, ఒక్క దుప్పట్లో పడుకున్నాం. ఈ సంగతి మీకప్పుడే చెప్పానుగా. రాసి కూడా ఇచ్చాను."

"అందరూ అదే మాట అంటారు."

గొడవ విని లాయరమ్మ లేచి వచ్చింది. రెండు పత్రాల్లోని పేర్లూ ఆయనచేత చదివించుకుని, తన కంప్యూటర్లో ఉన్న పాత అనువాదాల నకళ్ళతో పోల్చి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"తోడబుట్టినవాళ్ళకే ఈ వీసా, అన్నయ్యగారూ. చిన్నాన్న కొడుకైతే కుదరదు. అది పోతే పోయింది, అసలు చిక్కు మీకు. తెలిసే అబద్ధం రాశారని తేలిస్తే మీ కార్డే తీసేస్తారు. మీ ఆవిడా, ఇద్దరు ఆడపిల్లలూ దాని మీదే కదా ఇక్కడ ఉన్నారు. అబద్ధం మీది కాదనడానికి ఏదైనా ఆధారం ఉండాలి."

వంటాయన ఆమెకేసి కాదు, ఈయనకేసి చూశాడు. "ఆధారం ఈయన దగ్గరే ఉంటుందండీ. ఈయన రాస్తే తిరుగుండదు."

"బాబాయ్ గారూ, పాత ఫైలు ఒకసారి తీసి చూడండి" అంది లాయరమ్మ.

తీస్తాను, తీసి ముఖాన కొడతాను అనుకుంటూ ఆయన వెనక గదిలోకి వెళ్ళాడు.

ఫైలు కింది అరలో దొరికింది. దుమ్ము దులిపి విప్పాడు. అందరిచేతా తెలుగులో నింపించే ప్రశ్నల కాగితం పైనే ఉంది. "ఎవరి కోసం? మీకు ఏమవుతారు?" కింద వంటాయన లావుపాటి అక్షరాలు: "మా తమ్ముడు. సొంత చిన్నాన్న కొడుకు." దాని వెనకే తన అనువాదం: "సొంత తమ్ముడు." తమ్ముడి తల్లిదండ్రులు అన్న గడిలో, ఎవరూ చెప్పకుండానే, తను వేసిన మాట: "పైవారే", అంటే వంటాయన తల్లిదండ్రులే.

సొంత అన్న మాట చిన్నాన్నకు చెందింది. తను దాన్ని తీసుకెళ్ళి తమ్ముడికి తగిలించాడు. ఎలా జరిగిందో గుర్తులేదు. ఆ రోజు ఎంతమంది ఉన్నారో, ఎంత తొందరలో ఉన్నాడో. తెలుగువాడి కంటికి అక్కడ తప్పే కనబడదు. చిన్నాన్న కొడుకు తమ్ముడు కాక మరేమిటి? వేరే మాట ఉంటే కదా! పద్దెనిమిదేళ్ళలో ఆయన అనుమానించకుండా రాసిన మాట బహుశా ఇదొక్కటే. అక్కడే పప్పులో కాలేశాడు.

తేలు కుట్టిన దొంగలా కదలకుండా నిలబడిపోయాడు. మోకాలి పక్కనే కాగితాలు ముక్కలు చేసే పెట్టె ఉంది. లాయరమ్మకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఈ లావుపాటి అక్షరాలను చదవగలిగినవాళ్ళు ఈ రెండు గదుల్లో ఇద్దరే. ఒకడు బయట కూర్చుని ఉన్నాడు. ఇంకొకడు ఇక్కడ ఉన్నాడు. ఫైలు దొరకలేదంటే సరిపోతుంది. తలుపు కేసి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఎవరో ఒకరు తనను కనిపెట్టి చూస్తూ ఉంటే బాగుండేదనిపించింది. లాయరమ్మ లోపలికి తొంగిచూడలేదు. వంటాయన గొంతు సవరించుకోను కూడా లేదు. ఇంత కాలంగా ఎవరినీ నమ్మని మనిషిని ఇద్దరు మనుషులు అలా నమ్మి కూర్చున్నారు. ఆయనకు సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత సిగ్గేసింది.

ఫైలు పట్టుకుని బయటికి వచ్చి వంటాయన ముందు పెట్టాడు.

"తప్పు మీది కాదు. నాది."

ఏ మాట ఎక్కడ ఎలా తిరగబడిందో వేలు పెట్టి చూపించాడు. వంటాయన శ్రద్ధగా విన్నాడు. తిడతాడని ఆయన ఎదురు చూశాడు. తిడితే తేలికగా ఉండేది.

"అయితే వాడు రాడా అండీ?"

"రాడు."

"ఇంకో దారి..."

"లేదు. చిన్నాన్న కొడుకులకు వీసా లేదు."

వంటాయన తన ముంజేతులు చూసుకున్నాడు. "వాడికేమని చెప్పాలి? నువ్వు నాకు తమ్ముడివి కాదంట రా అని చెప్పాలా?"

లాయరమ్మ నెమ్మదిగా అంది. "బాబాయ్ గారూ, తప్పు మీదేనని రాసిస్తే వీళ్ళ కుటుంబం నిలబడుతుంది. కానీ మీ సంతకం హక్కు ఈ పూటతో పోతుంది. ఇక ఈ పని చేయలేరు. మీ పౌరసత్వం కూడా..."

"ఆ గడిలో ఏం రాయాలో ఇన్నాళ్ళకు తెలిసిందిలే అమ్మా" అన్నాడాయన.

తరువాత భార్యకు ఫోను చేశాడు.

"ఇవాళ తొందరగా వస్తున్నా."

"ఎందుకు? ఏమైంది?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఎందుకొస్తున్నారు?"

ఇంటికొచ్చి చెబుతానని పెట్టేశాడు. నా రోగం ఆవిడకూ అంటించానన్నమాట అనుకుని, ఆ బాధలోనూ కొద్దిగా నవ్వుకున్నాడు.

రెండు గంటలు కూర్చుని వాంగ్మూలం టైపు చేశాడు. ఒక పేజీయే. మధ్యలో చాలాసార్లు ఆగాడు, పాత నిఘంటువు తీశాడు, మూశాడు. మూడు ప్రతులు తీసి, ప్రతిదాంట్లో ఏదో చేత్తో నింపి, సంతకం పెట్టాడు. రెండు లాయరమ్మకు ఇచ్చాడు. ఆమె ఒకటి కవరులో పెట్టి, ఒకటి వంటాయనకు ఇచ్చింది. వంటాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి గుండె జేబులో పెట్టుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, "మీరు భోంచేశారా అండీ?" అని అడిగి, జవాబు వినకుండానే దిగిపోయాడు.

అనుమానం గారు బల్ల తుడిచాడు. కొత్త దంపతుల ఫోటో తీసి, వెనక ఉన్న ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో మచ్చ లేకుండా చెరిపాడు. లాయరమ్మ ఫోనులో ఉంది. ఆమెకు అడ్డు తగలడం ఇష్టం లేక, చెప్పులు చప్పుడు కాకుండా మెట్లు దిగి, సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఫోను పెట్టేసి కవరు అంటించబోతూ లాయరమ్మ ఆ పేజీ మొదటిసారి చదివింది. "బాబాయ్ గారూ, ఇక్కడొక మాట అనువాదం చేయడం మరిచిపోయారు!" అని కేకేసింది. తల తిప్పి చూసింది. ఆయన కుర్చీ బల్ల కిందికి తోసి ఉంది. బల్ల మీద మూడో ప్రతి ఒంటరిగా ఉంది. ఇక్కడి భాషలో తీరుగా టైపు చేసిన వరుసల మధ్య ఒకచోట ఖాళీ వదిలి, ఆ ఖాళీలో తెలుగులో, చేత్తో, నల్ల సిరాతో, ఒక్క మాట: తమ్ముడు.