తోడు బెంచీ

ఊళ్లో సగం ఇళ్ల తలుపులు తాళాల తాత చేతి మీదుగా తెరుచుకున్నవే. పుస్తకం మాత్రం ఆయన తన జన్మలో ఒక్కటీ తెరవలేదు. అక్షరం ముక్క రాదన్న సంగతి భార్యకు తప్ప మూడో కంటికి తెలియకుండా నెట్టుకొచ్చాడు. ఆవిడ పోయాక ఆ గుట్టు ఇక తనతోనే పోతుందని ధీమాగా ఉన్నాడు. ఎవరైనా చేతిలో కాగితం పెడితే చాలు, జేబులు తడుముకుని, "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయా, కాస్త నువ్వే చదివిపెట్టు నాయనా" అనేవాడు. ముసలాయన కళ్లజోడు మీద ఎవరికి అనుమానం వస్తుంది?

అలాంటి మనిషి నెత్తిన విద్యాశాఖ వచ్చి పడింది.

మనవరాలు ఐదో తరగతి. నోరు తెరిస్తే ఆగదు కాబట్టి ఇంట్లో అందరికీ పిట్ట. నిన్నమొన్నటిదాకా చదువులో ముందుండే పిల్ల ఉన్నట్టుండి చతికిలబడింది. పరీక్షలో ఖాళీ కాగితం ఇచ్చి వచ్చింది. అలా వెనకబడిన పిల్లల కోసం విద్యాశాఖ వాళ్లు బడి వదిలాక సాయంత్రం క్లాసు నడుపుతున్నారు. దాని పేరు 'తోడు చదువు'. పిల్లలు చదవకపోవడానికి ఇంట్లో పెద్దలకు పట్టకపోవడమే కారణమని పై ఆఫీసులో ఎవరో కనిపెట్టారట. అందుకని ఇంట్లోంచి ఒక పెద్ద మనిషి వచ్చి పిల్లతోపాటు అదే బెంచీ మీద కూర్చోవాలి. లేకపోతే పిల్లను చేర్చుకోరు.

పిట్ట తల్లి ఆసుపత్రిలో నర్సు, సాయంత్రాలే డ్యూటీ. తండ్రి లారీ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు. "నాన్నా, నువ్వే వెళ్లాలి. ఊరికే కూర్చుంటే చాలట," అంది కూతురు. ఊరికే కూర్చోవడం ఎంత పని అనుకున్నాడు తాత. అక్కడే పప్పులో కాలేశాడు.

మొదటి రోజే సాయంత్రం క్లాసు మాస్టారు పెద్దలందరికీ తలో పుస్తకం పంచాడు. కుర్రాడు, ఉద్యోగం కొత్త, ఉత్సాహం ఎక్కువ. "మొదటినుంచీ మొదలెడదామండీ. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, అన్నీ. పెద్దవాళ్లు చదువుతుంటే పిల్లలకి హుషారొస్తుంది," అన్నాడు.

తాత యథాప్రకారం జేబులు తడుముకున్నాడు. "కళ్లజోడు ఇంట్లో..."

"నేను తెచ్చాను తాతా," అంటూ పిట్ట సంచిలోంచి కళ్లజోడు తీసి ఆయన ముక్కు మీద పెట్టింది.

ఇంత బుద్ధిమంతురాలికి చదువు ఎలా ఒంటబట్టలేదో అనుకుని తాత పళ్లు నూరుకున్నాడు. ఆ పిల్ల అంతటితో ఊరుకుందా? పుస్తకం మీద వేలు పెట్టి, "తాతా, ఇదేం అక్షరం? మర్చిపోయా," అంది.

"మాస్టారు ఇప్పుడే చెప్పాడు కదమ్మా."

"నాకు సరిగ్గా వినపడలేదు. నువ్వు విని చెప్పు."

ఏం చేస్తాడు? మనవరాలి ముందు పరువు పోకూడదంటే ఒళ్లంతా చెవులు చేసుకుని వినాలి. విన్నాడు. పగలు కొట్లో పని బల్ల మీద రాలిన ఇనప రజనులో వేలితో అక్షరాలు దిద్దాడు. ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తే అరచేత్తో చెరిపేసి, తాళం చేతిలోకి తీసుకుని ముఖం చిట్లించేవాడు. పిల్ల కోసం ఈ వయసులో తనకెన్ని తిప్పలో అని కూతురి దగ్గర వాపోయేవాడు కూడా.

తిప్పలన్నాడే గానీ, నాలుగు నెలలు తిరిగేసరికి ఆ తిప్పల రుచి మరిగాడు. ఒక సాయంత్రం ఇంటికి వస్తూ మందుల దుకాణం ముందు ఆగి, బోర్డును మొదటి అక్షరం నుంచి చివరిదాకా పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత పక్క కొట్టు బోర్డు, ఆ పక్కది. పిట్ట ఎప్పుడూ ఆగని నోరు మూసుకుని, కాలితో రాయిని తన్నుకుంటూ పక్కన నిలబడింది. తాతకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకు బడిలో సామాన్ల గది తాళం మొరాయించింది. తాతను పిలిపించారు. మధ్యాహ్నం భోజనాల వేళ గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని తాళంలో నూనె పోస్తుంటే, పక్క తరగతిలోంచి పిట్ట గొంతు వినపడింది. కిటికీలోంచి తొంగి చూశాడు. పిట్ట లావుపాటి పుస్తకం పట్టుకుని స్నేహితురాళ్లకు గడగడా చదివి వినిపిస్తోంది. ఎక్కడా తడబాటు లేదు. చదవడం అయ్యాక వాళ్లు అడిగిన ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబులు చెప్పింది. తాత చేతిలోని మరమేకు జారి ఎక్కడో దొర్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు బస్సు సంగతి. చదువులో పిట్ట చతికిలబడటానికి కొన్నాళ్ల ముందు ఇద్దరూ పళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరి, ఆయన నిర్వాకం వల్ల ఏదో బస్సెక్కి ఊరి చివర తేలారు. "ఊరికే షికారు తిప్పుదామని తెచ్చాలే," అని బుకాయించాడు. పిల్ల నమ్మిందనుకున్నాడు. ఆ రోజు బస్సు బోర్డు వైపూ తన వైపూ అది ఎందుకలా చూసిందో ఇప్పుడు బోధపడింది.

ముందు ఒళ్లు మండింది. తర్వాత సిగ్గేసింది. అయినా ఆ సాయంత్రం పిట్ట మొహం వేలాడేసుకుని, "తాతా, ఈ పదమేంటి?" అంటే, ఏమీ ఎరగనట్టే చదివి చెప్పాడు. ఇంకా సగం ఒత్తులు నోరు తిరగడం లేదు. ఇంకొన్నాళ్లు సాగనిద్దామని ఆశపడ్డాడు. అందులో దాపరికం ఏముంది, ఆశే.

ఆ ఆశ మీద మాస్టారే నీళ్లు చల్లాడు. "వచ్చే వారం ఆఖరి పరీక్ష. పాసైనవాళ్లకి ఇక్కడితో క్లాసులు చాలు. తప్పినవాళ్లు ఇంకో ఏడాది ఇక్కడికే రావాలి. పైగా బడిలో వాళ్లని చివరి సెక్షన్లో వేస్తారు." చివరి సెక్షన్లో పడ్డ పిల్లల్ని పై చదువులకు పంపే మాటే ఉండదని అందరికీ తెలుసు. తాత పిట్ట వైపు చూశాడు. ఆ పిల్ల నిశ్చింతగా పెన్సిలు చెక్కుకుంటోంది.

దారిలో అన్నాడు, "పరీక్ష బాగా రాయాలి తల్లీ."

"నాకేం రాదు తాతా. ఇంకో ఏడాది వద్దాంలే ఇద్దరం."

నాకు చదువు రాదని నీకు తెలుసనీ, నీకు వచ్చని నాకు తెలుసనీ చెప్పేస్తే సరిపోయేది. కానీ ఇన్నేళ్లుగా బిగించుకున్న నోరు అంత తేలిగ్గా పెగల్లేదు.

పరీక్ష రోజు పై ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చింది. పెద్దలు పక్కన కూర్చోవచ్చు, నోరు మెదపకూడదు. పిట్ట ప్రశ్నల కాగితం బోర్లించి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తాత కాసేపు ఉగ్గబట్టుకున్నాడు. తర్వాత ఆ కాగితం లాక్కుని లేచి నిలబడి గొంతెత్తాడు.

"కింది... కథను... చదివి... ప్రశ్నలకు... మీ సొంత మాటల్లో... జవాబులు రాయండి."

గది గదంతా ఆయన్నే చూసింది. ఆయన కూర్చుని, పిట్ట చెవిలో అన్నాడు, "నాకొచ్చేసిందమ్మా. ఇక నీది నువ్వు రాసుకో."

పిట్ట కళ్లు తుడుచుకుని రాయడం మొదలుపెట్టింది. గంట కొట్టకముందే అన్నీ రాసేసింది.

మర్నాడు హెడ్మాస్టరు గదికి రమ్మని కబురొచ్చింది. ఆఫీసరమ్మ ముందు పిట్ట కాగితం ఉంది. ఒక్క తప్పు లేదు. "ఖాళీ కాగితం ఇచ్చిన పిల్ల ఇంత బాగా ఎలా రాసిందండీ? మీరు జవాబులు చెప్పడం నేను కళ్లారా చూశాను. కాపీ కింద రద్దు చేస్తున్నాను," అంది.

తాత ఛాతీ కాస్త ఉబ్బింది. తనకు చదువు ఎక్కువైందని నేరం మోపిన మొదటి మనిషి ఆవిడ. ఆ సుఖం అనుభవించేలోపే పిట్ట మొహం కనపడింది. రద్దయితే చివరి సెక్షనే.

"నేనెలా చెప్తానమ్మా? నాకు చదువు రాదు," అన్నాడు. ఆ మాట అంటుంటే చెవులు వేడెక్కాయి.

ఆఫీసరమ్మ నవ్వింది. "నిన్న మీరు చదవడం గదిలో అందరూ విన్నారుగా."

"అవునండీ," అన్నాడు మాస్టారు, సాయం చేస్తున్నాననుకుని. "తాతగారు పుస్తకం వదలరు. ఎప్పుడూ కళ్లజోడు ముక్కు మీదే."

జన్మకొకసారి నిజం చెబితే నమ్మే దిక్కు లేదు. ఇక తాతకు ఒకటే దారి కనిపించింది. "పోనీ, నన్ను బయటికి పంపి పిల్లచేత ఏదైనా చదివించండి." వెళ్తూ వెళ్తూ పిట్ట తల నిమిరాడు. "చదువమ్మా. నా కోసం పరీక్ష తప్పొద్దు."

తలుపవతల నిలబడి విన్నాడు. ఆఫీసరమ్మ సొంతంగా రాసుకున్న తనిఖీ నివేదికను పిట్ట గడగడా చదివేసింది. అందులో 'తోడు చదువు' వల్ల పెద్దగా ప్రయోజనం లేదన్న ముక్క కూడా చదివింది.

తలుపు తెరిచి ఆఫీసరమ్మ స్వయంగా బయటికి వచ్చింది. "కొద్ది నెలల్లో ఇంత మార్పా? మా పథకం ఇంత పని చేస్తుందని నేనే అనుకోలేదు. మీలాంటి చదువరి ఇంట్లో ఉండటం ఆ పిల్ల అదృష్టం," అంటూ తాత చేతులు పట్టుకుంది. "వచ్చే ఏడాది మీరు చిన్నపిల్లల బెంచీకి సాయంగా రావాలి. కాదనకండి."

కాదందామని నోరు తెరిచాడు. నిజం చెప్పడానికి ఇందాక ప్రయత్నించి చూశాడు కదా, ఊరుకున్నాడు.

ఆ ఆదివారం కొట్లో పని బల్ల మీద తాళాలన్నీ పక్కకు నెట్టి, చిన్నపిల్లల పుస్తకం తెరిచాడు. పిట్ట ఎదురుగా స్టూలెక్కి కూర్చుంది. రెండో పేజీలోనే ఒక పదం దగ్గర తాత ఆగిపోయాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. జేబులు తడుముకోలేదు.

"ఇదేంటమ్మా?" అన్నాడు. "నాకు రాదు."

పిట్ట స్టూలు దిగి ఆయన పక్కకు వచ్చి, ఇనప రజనులో ఆ పదం పెద్దగా రాసి చూపించింది.