మోచేతి నీడ

గిన్నెలు సగం తోమి ఉండగా భర్త వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. పెన్‌డ్రైవ్ ఫ్రిజ్ మీద పెట్టి, "ఇది కాస్త చూసి పెట్టు. నాలుగు మీటల పని," అన్నాడు.

అతని లెక్కలో అన్నీ నాలుగు మీటల పనులే. పెళ్ళి ఆల్బం మొత్తం నాలుగు మీటలు. పసిపిల్ల కళ్ళు మూసుకున్న ఫొటోలోకి ఇంకో ఫొటోలోంచి కళ్ళు తెచ్చి అతికించడమూ నాలుగు మీటలే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె ఆ నాలుగు మీటలే నొక్కుతోంది, అవి అరగనూ లేదు, పని తరగనూ లేదు. భర్తది ఫొటో స్టూడియో. వీధి మలుపులో, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఉంటుంది. కంప్యూటర్ మొదట అక్కడే ఉండేది. "ఇంట్లో ఉంటే నీకూ వీలు. ఇటు పొయ్యీ చూసుకోవచ్చు, అటు ఇదీ చూసుకోవచ్చు," అని అతనే తెచ్చి భోజనాల బల్ల పక్కన పెట్టించాడు. ఆ రోజు నుంచి అది పని కాకుండా పోయింది. బట్టలు మడతపెట్టడం, దుప్పట్లు దులపడం లాంటి వాటిలో కలిసిపోయింది. ఫొటోలు బాగా వచ్చాయి, ఎవరు చేశారండీ అని ఎవరైనా అడిగితే, "సిస్టమ్ మీద చేయిస్తాను," అంటాడు అతను. అందులో అబద్ధం లేదు. ఒకసారి షాపులో ఆ మాట ఆమె ఎదురుగానే అన్నాడు. ఆమె కూడా అక్కడ ఎవరో సిస్టమ్ ఉన్నట్టే తల ఊపింది.

"కొత్త బోర్డు," అన్నాడు భర్త, చెప్పులు వేసుకుంటూ. "తాతయ్య, నాన్న, నేను. ముగ్గురం ఒకే గదిలో నిలబడ్డట్టు రావాలి. మూడు తరాల స్టూడియో అని పైన రాయిస్తాను. నాన్న ఫొటోలో వెనకాల ఏదో అడ్డంగా ఉంది, అది తీసెయ్."

ఆమె చేతులు తుడుచుకుని కూర్చుంది. పొయ్యి మీద పాలు సన్న మంట మీద ఉన్నాయి.

ఈ పనిలో ఆమెకి నచ్చేది పొరలు. అద్దం పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అన్నిటికంటే అడుగున అసలు ఫొటో. దానికి తాళం వేసి పెడుతుంది, ఎప్పుడూ ముట్టుకోదు. పైన ఎన్ని పొరలైనా వేసుకోవచ్చు. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను గుర్తు ఉంటుంది. నొక్కితే కన్ను మూసుకుంటుంది, ఆ పొర కనపడదు. అలాగని ఎక్కడికీ పోదు. అందుకే ఆమె ఎవరినీ చెరిపెయ్యదు. తీసెయ్యమన్న మనిషిని మెల్లగా పైకెత్తి వేరే పొరలో పెట్టి, వెనక ఖాళీ అయిన చోట గోడనో చెట్టునో పూడ్చి, మనిషి కన్ను మూస్తుంది. అడిగినవాళ్ళకి రెండింటికీ తేడా తెలియదు.

ముందు భర్త ఫొటో తీసుకుంది. మెడలో కెమెరాతో ఠీవిగా ఉన్నాడు. వెనక గాజు తలుపులో ఎవరో వంగి పని చేస్తున్న ఆడమనిషి నీడలా కనపడుతోంది, నోట్లో క్లిప్పు పట్టుకుని. పొయ్యి మీద పడిన చుక్క తుడిచినంత తేలిగ్గా ఆమె దాన్ని ఎత్తేసింది. ఎత్తేశాక చూస్తే అది తనే. ఆ రోజు ప్రింటర్ మొరాయిస్తే షాపుకి వెళ్ళింది. తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటది వెళ్ళింది. ఆమె ఒక్క క్షణం ఆగి, తర్వాతి ఫొటో తెరిచింది.

మామగారి ఫొటో నలుపు తెలుపుది. పెద్దది చేసి చూస్తే ఆ 'ఏదో' ఒక వయసు పిల్ల. బల్ల చివర ఏటవాలు గాజు పలక ముందు వంగి, చేతిలో సన్న కుంచెతో, లోకం పట్టనట్టు కూర్చుని ఉంది. గడ్డం కింద చిన్న గుంట. ఆ గుంట ఇప్పటికీ రోజూ ఈ ఇంట్లో తిరుగుతూనే ఉంది. భర్త తన తల్లిని పోల్చుకోలేదేమో అనుకుంది ఆమె. కాసేపయ్యాక, పోల్చుకునే ఉంటాడు అనిపించింది. చెప్పిన పని చేసేసింది. అత్తగారిని వేరే పొరలోకి ఎత్తి, కన్ను మూసి, గోడ పూడ్చింది.

"పాలు పొంగిపోతే నీ కంప్యూటర్ వచ్చి తుడుస్తుందా?" అంటూ అత్తగారు వచ్చారు. ఆవిడ రోజూ ఏదో ఒకటి అంటారు. కూర్చుని చేసే పనికి అలుపేమిటమ్మా అంటారు. బొమ్మలు దిద్దుకునే వాళ్ళకేం, మా కాలంలో నడుములు విరిగేవి అంటారు. ఈసారి రెండో మాట రాలేదు. కళ్ళజోడు సర్దుకుని తెర వైపు వంగారు.

"అక్కడ నేనుండాలే."

"ఆయన తీసెయ్యమన్నారత్తయ్యా."

"తీసేశావా మరి?"

"ఆఁ."

అత్తగారు ఇంకా దగ్గరికి వంగారు. కోపం వస్తుందేమోనని ఆమె చూసింది. రాలేదు. కూరలో ఉప్పు చూసే మొహంతో ఆవిడ తెర మీద వేలు పెట్టారు.

"ఏం తీశావు? నా మోచేతి నీడ బల్ల మీద అలాగే ఉంది. మనిషి లేకుండా నీడెక్కడిది? చూసినవాళ్ళు నవ్వరూ?"

నిజమే. బల్ల అంచున మసక త్రికోణం. ఎన్ని వేల ఫొటోలు చూసిందో, ఇది ఆమె కంట పడలేదు.

"జుట్టు దగ్గర కూడా కత్తితో కోసినట్టు కోశావు. అక్కడ మెత్తగా పోవాలి. పొగలాగా."

"మీకెలా తెలుసత్తయ్యా?"

"ఎలా తెలియడమేమిటి? పాతికేళ్ళు చేస్తే గాడిదకైనా తెలుస్తుంది." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నెగటివ్ మీద ముడతలకి పెన్సిలు, తెల్ల మచ్చలకి బ్లేడు. రంగులడిగితే చెంపలకి గులాబీ రంగు, అదీ కుంచెని నీళ్ళకి చూపించి తీసినంత పలచగా. మీ మామయ్య ఫొటో తీసేవారు. తర్వాతదంతా ఇంటిపనే. ఊళ్ళో అందరి మొహాలూ చక్కదిద్దాను గానీ, ఆయన మూతి ముడుపు ఒక్కటే నా చేతకాలేదు."

ఆమెకి నవ్వొచ్చింది. అత్తగారు నవ్వలేదు.

"మనుషుల్ని కూడా తీసేసేవారా?"

"అడిగితే తీసేదాన్ని. పుట్టింటికి వెళ్ళిపోయిన కోడళ్ళు, వాటా అడిగిన తమ్ముళ్ళు. ఒకావిడైతే తననే తీసెయ్యమంది. పిల్ల ఒక్కతీ బాగా పడింది, నేనెందుకు మధ్యలో అంది."

"తీశారా?"

"తీశాను. చెయ్యి మాత్రం పిల్ల భుజం మీద ఉండిపోయింది. అది తీస్తే భుజమూ పోతుంది." అత్తగారు తన వేళ్ళ వైపు చూసుకున్నారు. "ఏం చేస్తాను! దాని మీద చొక్కా మడతలు గీసేశాను."

తర్వాత ఆవిడ చెబుతుంటే ఆమె నీడని కూడా విడిగా ఎత్తింది. ఇటు కాస్త, అటు వద్దు, ఆ చెక్క గీత కలుపు. అయ్యాక బల్ల నున్నగా, ఎవరూ ఎప్పుడూ కూర్చోనట్టు మిగిలింది. "ఇప్పుడు బాగుంది," అన్నారు అత్తగారు. ఆ మెచ్చుకోలు ఈ ఇంట్లో ఆమెకి మొదటిది. లేచి వెళ్ళబోతూ ఆగారు.

"మళ్ళీ కావాలంటే?"

ఆమె కన్ను గుర్తు నొక్కింది. కుంచె పట్టుకున్న పిల్ల బల్ల చివర కూర్చుంది. మళ్ళీ నొక్కింది. లేదు.

"ఇంకోసారి నొక్కు."

ఉంది.

"మాకు ఇది లేదు," అన్నారు అత్తగారు. "గీకితే గీకినట్టే."

ఈలోగా పాలు పొంగిపోయాయి. ఆవిడే వెళ్ళి పొయ్యి తుడిచారు.

ఆ కన్ను మళ్ళీ మూసేసి, ముగ్గురు మగవాళ్ళనీ ఒకే గదిలో నిలబెట్టి, వెలుతురు ఒకే వైపు నుంచి పడేట్టు చేసేసరికి ఎండ కిటికీ దాటింది. బోర్డు అచ్చువేసే అతను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది, పొరలన్నీ కలిపి ఒకటి చేసి పంపమ్మా, విడివిడిగా వస్తే మా మిషన్‌కి మతి పోతుంది అని. ఆమె కలపమని మీట నొక్కింది. కనపడని పొరలను పారెయ్యమంటారా, అని తెర అడిగింది. ఎప్పుడూ అడిగేదే. ప్రతి ఫొటోకీ అడుగుతుంది, ప్రతిసారీ ఆమె సరేనంటుంది. భోజనాల దగ్గర ఇంకొంచెం వడ్డించనా అని తను అడిగితే భర్త ప్లేటులోంచి తలెత్తకుండా ఊఁ అంటాడు. ఆమె సరే కూడా అలాంటిదే. చదివి అన్నది కాదు. ఇవాళ చదివింది. వద్దని నొక్కింది.

కళ్ళు మూసి ఉన్నవి మూడు. అత్తగారిది, అత్తగారి మోచేతి నీడది, గాజు తలుపులో తనది. ఒక్కొక్కటే తెరిచింది. గాజు తలుపు మామగారి బల్ల పక్కకే పడడంతో, నోట్లో క్లిప్పు ఉన్న మనిషీ చేతిలో కుంచె ఉన్న పిల్లా ఒకే వరసలో వంగి ఉన్నారు, ఒకరి పని ఒకరు అందుకుంటున్నట్టు. ముందు ముగ్గురు మగవాళ్ళు ఎటో చూస్తున్నారు. మళ్ళీ కలపమని నొక్కింది. ఈసారి తెర ఏమీ అడగలేదు. పారెయ్యడానికి ఏమీ లేదు మరి. ఫైలు పంపించి, వెళ్ళి మిగతా గిన్నెలు తోమింది.

బోర్డు ఎక్కించిన రోజు పొద్దున ఫోన్ మోగింది. చేతులు పిండిలో ఉండడంతో ఆమె మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"అమ్మ ఎందుకుంది అందులో?" భర్త గొంతు వంటిల్లంతా నిండింది. "నువ్వెందుకున్నావు?"

"అక్కడే ఉన్నాం కదండీ. ఫొటోలో ఉన్నదే ఉంచాను."

"మందుల షాపాయన ఏమన్నాడో తెలుసా? ఓహో, అసలు పనివాళ్ళు వీళ్ళన్నమాట, అని నవ్వాడు. నలుగురిలో."

"మీరేమన్నారు?"

"ఏమంటాను! నిచ్చెన తెప్పించాను, దింపించేస్తున్నా. ఇద్దర్నీ తీసేసి మళ్ళీ పంపు. నాలుగు మీటల పనేగా."

ఇక తియ్యడానికి కుదరదండీ, అన్నీ కలిసిపోయాయి అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాంతో గొడవ ఆ పూటకి సర్దుకునేది. కానీ విడి పొరలున్న ఫైలు కంప్యూటర్లో భద్రంగా ఉంది, ఆమె ఎప్పుడూ ఒకటి దాచుకుంటుంది.

"తియ్యొచ్చు," అంది. "నేను తియ్యను."

అతను హలో అన్నాడు, లైను తెగిందనుకున్నట్టు.

బల్ల దగ్గర చిక్కుళ్ళ ఈనెలు తీస్తున్న అత్తగారు చేతిలోది గిన్నెలో పడేశారు. లేచి చేతులు కడుక్కున్నారు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పులని ఆవిడ వీధి మలుపు దాకా నడిచి ఎంత కాలమైందో ఎవరికీ గుర్తు లేదు. తలుపు వెనక నుంచి చెప్పులు లాగి, దుమ్ము దులిపి, ఒక్కొక్కటే వేసుకున్నారు. ఫోన్ వైపు గానీ కోడలి వైపు గానీ చూడలేదు.

"హలో? అమ్మకివ్వు ఫోను. అమ్మ చెబితే వింటావు," అంటున్నాడు భర్త.

తలుపు తీసుకుని, నడుం మీద ఒక చెయ్యి ఆనించుకుని, బోర్డు దింపేలోగా చేరాలన్నట్టు అత్తగారు మెట్లు దిగి షాపు వైపు తిరిగారు.