తడి కట్టె

అక్క వెళ్లిపోయినప్పటి నుంచి తను కాల్చిన మాంసం ఒక్క ముక్క కూడా తన నోట్లో పెట్టుకోలేదన్న సంగతి చిన్నది ఎవరికీ చెప్పలేదు. వేలితో నొక్కి చూసి ఉడికిందంటుంది, వాసన చూసి ఉప్పు సరిపోయిందంటుంది. కొన్నవాళ్లు లొట్టలేసుకుంటూ తింటారు. తనకే గొంతు దిగదు.

రోడ్డు మలుపులో వాళ్ల పొగమాంసం కొట్టు. ముందు కౌంటరు అక్క చూసుకునేది, వెనక పెరట్లో నిప్పు చిన్నదానిది, పచ్చళ్ల జాడీలూ పెత్తనమూ అమ్మవి. పెరట్లో మనిషంత పొడుగు ఇనప పెట్టె. ఒక పక్క బొగ్గుల మీద కట్టె ముక్క వేస్తే, ఆ పొగ రెండో పక్కనున్న మాంసానికి పట్టి, సాయంత్రానికల్లా అది ఎముక నుంచి ఊడొస్తుంది.

అక్క ఉన్నన్నాళ్లూ కట్టెల్ని ముందురోజే నీళ్ల డ్రమ్ములో నానేసేవాళ్లు. నానే కట్టె దగ్గర ఎవరేం మాట్లాడినా, మర్నాడు నిప్పులో పడ్డాక ఆ మాటలు పొగలోంచి వినబడేవి, మాట్లాడినవాళ్ల గొంతుతోనే. ఆ వీధిలో అందరికీ తెలిసిందే. బస్సు డ్రైవరు ఒకసారి డ్రమ్ము పక్కన నిలబడి, "ఇంకా డ్యూటీలోనే ఉన్నానే" అని ఇంటావిడకి ఫోన్లో చెప్పాడు. మర్నాడు పార్సిల్ కోసం వచ్చింది ఆవిడే. అప్పట్నుంచి ఆయనకి ఫోనొస్తే రోడ్డు దాటి వెళ్లి మాట్లాడతాడు.

గొడవ మాటల గురించి కాదు, నీళ్ల గురించి.

"తడి కట్టె నిదానంగా కాలుతుందే. పొగ ఎక్కువసేపు వస్తుంది" అనేది అక్క.

"అది పొగ కాదక్కా, ఆవిరి. నీళ్లు ఇగిరేదాకా నిప్పు నీరసపడుతుంది, మాంసానికి చేదు పడుతుంది. పొడి కట్టె వేసి చూడు, సన్నగా నీలంగా వస్తుంది పొగ."

చిన్నదానికి ఎవరూ నేర్పలేదు. కాల్చి, మాడ్చి, మళ్లీ కాల్చి నేర్చుకుంది. అందుకే ఊరుకోలేకపోయింది. ఒకరోజు కొట్టు నిండా జనం ఉండగా నానిన మొద్దు తెచ్చి గొడ్డలితో నిలువునా చీల్చింది. పైన గోటి మందాన తడి, లోపలంతా పొడి.

"చూశారా! రాత్రంతా నానినా నీళ్లు లోపలికి పోలేదు!"

జనం చప్పట్లు కొట్టారు. అక్క ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించి, పై ఊళ్లో ఎవరిదో క్యాంటీన్లో పనికి వెళ్లిపోయింది. డ్రమ్ము బోర్లించేశారు. మాంసం నిజంగానే బాగుపడింది. పొగ మూగబోయింది.

ఇవాళ మధ్యాహ్నం అమ్మ జాడీ మూత బిగిస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"రేపు మీ అక్క ఓడ ఎక్కుతోంది. అందులో వంటపని. మూడేళ్ల దాకా రాదట."

చిన్నది పట్టకారుతో బొగ్గులు ఎగదోసింది. "మంచిదేగా."

"నువ్వు చెబితే ఆగుతుందేమో."

"వెళ్లింది తను. తనే చెయ్యాలి ఫోను."

"అవునమ్మా. దాని ముక్కూ నీ ముక్కూ ఒకే అచ్చులో పోసి కన్నాను, నాదే తప్పు."

ముందు బల్ల దగ్గర్నుంచి డ్రైవరు కేక పెట్టాడు. "అమ్మాయ్, ఈ బల్ల ఎప్పుడు బాగుచేయిస్తావ్? గ్లాసు పెడితే నా ఒళ్లోకే నడిచొస్తోంది!"

"నేల వంకర బాబాయ్. అక్కే చెప్పింది."

"నేల వంకరైతే నా కుర్చీ కూడా వాలాలిగా?"

కట్టెల బండి ఇంకా రాలేదు. ఉన్నవి అయిపోయాయి, మాంసం సగంలో ఉంది. అమ్మ ముందుకెళ్లి వంగి, డ్రైవరు బల్ల కాలి కింద ఇరికించి ఉన్న మొద్దు లాగి తెచ్చింది. "దీన్నెయ్."

మొద్దు తీయగానే బల్ల తిన్నగా నిలబడింది. డ్రైవరు గ్లాసు పెట్టి చూశాడు. కదల్లేదు.

చిన్నది మొద్దుని తిప్పి చూసింది. ఓ పక్క చిన్న గాటు, ఎవరో కత్తితో చీల్చి లోపల చూసి మళ్లీ మూసినట్టు. బొగ్గుల మీద పెట్టింది. సన్నటి నీలం పొగ లేచింది. దాంతోపాటే అక్క గొంతు, తనలో తను గొణుక్కుంటున్నట్టు.

"లోపల పొడే. అది చెప్పిందే నిజం. అయినా ఒప్పుకోను. ఒప్పుకుంటే ఈ డ్రమ్ము తీసి పారేస్తుంది. రోజంతా అది నిప్పు దగ్గర, నేను కౌంటరు దగ్గర. సాయంత్రం కట్టెలు నానేసేటప్పుడేగా నా పక్కన కూర్చుని నాలుగు కబుర్లు చెప్పేది… అయ్యో, నా నోరు మండ! ఇక్కడ వాగేశానేంటి. ఈ మొద్దుని ఎక్కడ దాచను?"

పొగ గొట్టంలోంచి పైకి పోయింది. డ్రైవరు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ అప్పటికే మూసిన జాడీకి మళ్లీ మూత పెడుతోంది.

"నీకు తెలుసా అమ్మా?"

"నాకేం తెలుసు? బల్ల వాలిందని తీశాను." జాడీ పక్కన పెట్టి, "ఇన్నాళ్లూ నువ్వే తీస్తావని చూశాను" అంది.

నీళ్లు గోటి మందం దాటి లోపలికి పోవు. అది చిన్నది రుజువు చేసింది. మాటలు ఎంత లోపలికి పోతాయో చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

పెట్టె తెరిచి అంచు నుంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఉప్పు కాస్త ఎక్కువైంది. ఎన్నాళ్లుగా ఎక్కువవుతోందో, ఎవరూ చెప్పలేదు.

బోర్లించిన డ్రమ్ముని తిప్పి నిలబెట్టి, పైపు పెట్టింది. అప్పుడే వచ్చిన కట్టెల బండిలోంచి ఒక మొద్దు తెచ్చి అందులో వేసి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఇంకో పీట లాగి పెట్టింది.

"దాని నంబరు అదేనా అమ్మా?"

"అదే. అక్కడ మాట్లాడితే రేపు వీధంతా వింటుందే."

"విననీ."

అక్క ఫోనెత్తగానే ఏమనాలో ఆలోచించుకుంది. రేపటికి కట్టెలు నానెయ్యనా వద్దా అని అడిగితే చాలు. చేతుల మసి తుడుచుకోకుండానే ఫోను తీసింది.