తుమ్మెద సంతానం

దర్జీ పెంచే వేటకుక్కలకు ఊళ్లో మంచి పేరుంది. అడిగినవాళ్లందరికీ కూనల్ని ఇచ్చే మనిషి కాదతను. ఇల్లు చూసి, మనుషుల్ని చూసి, ఆడపిల్లనిచ్చినంత ఆలోచించి ఇచ్చేవాడు.

అందుకే పరిశోధనశాల నుంచి వచ్చిన డాక్టరమ్మ దూదిపుల్లలు బయటికి తీసి, "మీ కుక్కల బుగ్గల లోపల ఒకసారి రాసుకుంటానండీ" అనగానే అతని మొహం మాడిపోయింది.

ఆమె ఉన్నమాటే చెప్పింది. ఆ జాతిలో కొన్ని కుక్కలకు ఐదారేళ్లకే చూపు పోతోంది. మొదట మసకచీకట్లో తడబడతాయి, తర్వాత పట్టపగలే. వంశంలో వచ్చే జబ్బు అది. మూలం దొరికితే ముందే కనిపెట్టే పరీక్ష తయారు చేయవచ్చు.

"మా ఇంట గుడ్డికుక్క పుట్టలేదమ్మా. ఇంకో గుమ్మం చూసుకోండి."

"తల్లీతండ్రీ బాగానే ఉంటాయండీ. రెంటిలోనూ లోపం దాగి ఉంటే, రెండువైపుల నుంచీ అందుకున్న పిల్లలోనే బయటపడుతుంది."

"దాగి ఉందంటే దొంగతనం అంటగట్టినట్టే!"

డాక్టరమ్మ వాదించలేదు. తన ఫోన్ నంబరు రాసిన చీటీ కుట్టుమిషను మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం అతను చెప్పాపెట్టకుండా అక్క ఇంటికి వెళ్లాడు. ఏడేళ్ల కిందట తన ఆడకుక్క తుమ్మెద ఈనిన కూనల్లో ఒకదాన్ని ఆమెకే ఇచ్చాడు. కూర్చోబోతూ అతను కుర్చీని కాస్త ముందుకు జరిపాడు. అతని గొంతు విని కుక్క పరుగున వచ్చి ఆ కుర్చీకి దబ్బున గుద్దుకుంది.

"ఎన్నాళ్లయిందక్కా ఇలా?"

"రెండేళ్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అన్నం మానేస్తావురా. నువ్వొస్తున్నావంటే దాన్ని పక్కింట్లో ఉంచేదాన్ని. మీ బావ చెప్పమనే అన్నారు, నేనే నోరు మూయించాను."

అతను నేల మీద కూలబడి కుక్క తలను ఒళ్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పరిశోధనశాలలో డాక్టరమ్మ బల్ల మీద ఒక పాత నోటుపుస్తకం పెట్టాడు. ఏ తల్లి, ఏ తండ్రి, ఏ కూన ఎవరింటికి వెళ్లిందీ ముప్పై ఏళ్లుగా అందులో రాసి ఉంది.

"కొలత తప్పితే గుడ్డను తిట్టకూడదమ్మా. అన్నీ చూసుకోండి. మా ఇంటికి దూదిపుల్లలూ తెచ్చుకోండి."

ఎనిమిది నెలలకు లోపం ఎక్కడుందో దొరికింది. తుమ్మెదలోనూ, దాని జతగాడిలోనూ అది ఉంది.

"అయితే ఈ వంశం ఇంతటితో ఆపేయాలా?" అడిగాడతను.

"అక్కర్లేదండీ. లోపం లేని జత కుదిరిస్తే చూపు పోయే పిల్ల పుట్టదు. పుట్టినవాటికి మాత్రం పరీక్ష చేయించండి."

"అంటే సంబంధం కలిపే ముందు రెండువైపులా విచారించాలి, అంతేగా!"

డాక్టరమ్మ నవ్వింది. నెలల తరవాత అతనూ మొదటిసారి నవ్వాడు.

తరవాత అతను కూనలు తీసుకున్న ఇళ్లన్నిటికీ వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఒకాయన చెడామడా తిట్టాడు. ఇంకొకావిడ తమ కుక్క పిలిచినా కదలడం లేదని చెప్పింది.

"మొండికేస్తోందనుకుని కొట్టామండీ," అంది. "కళ్లు కనపడటం లేదని తెలీదు."

"ఇంట్లోనే ఉండండమ్మా. నేనొస్తున్నాను."

మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లాడు. ఆ కుక్కతో వీధి చివరిదాకా మెల్లగా నడిచాడు. మలుపు వచ్చినప్పుడు ఎలా పిలవాలో, మెట్టు దగ్గర ఎలా ఆపాలో ఇంట్లో అందరికీ చూపించాడు. ఇంకా పదకొండు ఇళ్లకు చెప్పాల్సి ఉంది.